బ్యాంకు ఉత్తరంలో 'క్రెడిట్‌వర్దీ' అని కనిపిస్తే ఎలా చదవాలి, మనం రాసేటప్పుడు ఎలా వాడాలి

రెండేళ్ల కిందట వేసవిలో మా పెదనాన్న ఉద్దానం నుంచి మొదటి బస్సెక్కి పలాస వచ్చారు. నేను అప్పటికింకా వాకిట్లో ముగ్గు కూడా వేయలేదు. ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో పట్టాదారు పాస్‌పుస్తకం, ఆధార్ జిరాక్సు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన బ్యాంకు ఉత్తరం. కాఫీ తాగమంటే వద్దన్నారు.

"అమ్మీ, నానెవులికి బాకీ ఉన్నాను? నా మీద ఎవులేటి సెప్పినారో సదివి సెప్పు" అన్నారు.

కొడుకు జీడి పిక్కల బస్తాలు తోలుకోవడానికి సెకండ్‌హ్యాండ్ గూడ్స్ ఆటో కొందామని మూడు లక్షలకు దరఖాస్తు పెట్టారట. ఉత్తరంలో పనికొచ్చే వాక్యం ఒక్కటే ఉంది: "ది అప్లికెంట్ వాజ్ నాట్ ఫౌండ్ క్రెడిట్‌వర్దీ." పక్కింటి డిగ్రీ కుర్రాడు ఫోన్‌లో అర్థం వెతికి, "నమ్మదగిన మనిషి కాదని రాశారు తాతా" అని చెప్పేశాడు. ఆ రాత్రి పెదనాన్న అన్నం ముట్టలేదు. జీవితంలో ఎవరికీ పైసా ఎగ్గొట్టని మనిషి ఆయన.

నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర పంతొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఈ మాట నాకు రోజూ తగిలేదే. బయటి ఊళ్ల పార్టీలకు అరువు మీద సరుకు పంపాలంటే ముందు ఈ మాటే అడుగుతాం, ఈ మాటే రాస్తాం. అందుకే ఆ కుర్రాడు చెప్పిన అర్థం సరి కాదని గట్టిగా చెప్పగలిగాను. పెదనాన్నకు అది తలకెక్కేసరికి గంట పట్టింది. ఆ గంటలో చెప్పినవీ, తర్వాత ఏడాదిన్నరలో మేం నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరం ఏ ఇంటికైనా రావచ్చు. చదివినవాళ్లు దాన్ని తిట్టుగా తీసుకోకూడదు.

ముందు మాటను విప్పుదాం

ఇది ఒకే మాట. క్రెడిట్, వర్దీ అని మధ్యలో ఖాళీ వదిలి రాయకూడదు. వర్త్ అన్నప్పుడు చివర త్ పలుకుతుంది, కానీ వర్దీ అన్నప్పుడు అది ద్ అవుతుంది. మనలో చాలామంది క్రెడిట్‌వర్తీ అంటారు, అర్థానికేం లోటు రాదు. ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు మాత్రం వర్దీ అని అలవాటు చేసుకోండి. దీని నామవాచకం క్రెడిట్‌వర్దీనెస్. అది రాసేటప్పుడు చివరి వై అక్షరం పోయి ఐ వస్తుంది. నా దగ్గరకు వచ్చే బిల్లుల కుర్రాళ్లు ఎక్కువగా అక్కడే తప్పు రాస్తారు.

క్రెడిట్ అనే మొదటి ముక్కతోనే చిక్కంతా. మనం ఈ మాటను మూడు రకాలుగా వింటాం. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఫలానా మొత్తం క్రెడిటెడ్ అని. అక్కడ క్రెడిట్ అంటే జమ. "ఆ క్రెడిట్ అంతా మా అక్కదే" అంటాం. అక్కడ మంచిపేరు. కొట్టువాడు "క్రెడిట్ లేదు, క్యాషే" అంటాడు. అక్కడ అరువు. క్రెడిట్‌వర్దీలో ఉన్నది ఈ మూడోది. పక్కింటి కుర్రాడు రెండోదాన్ని పట్టుకున్నాడు, పెదనాన్న అన్నం మానేశారు.

అయినా కుర్రాడి తప్పు పూర్తిగా తప్పు కాదు. లాటిన్‌లో క్రెడో అంటే నమ్ముతున్నాను అని. క్రెడిట్ అంటే నమ్ముతాడు అని. మన శ్రద్ధ అనే మాట, ఆ లాటిన్ మాట ఒకే వేరు నుంచి పుట్టాయని భాషాశాస్త్రం చెబుతుంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో! ఎదుటివాడి మీద మనసు పెట్టి, రేపు తెచ్చిస్తాడని ఇవాళ సరుకు ఇవ్వడమే క్రెడిట్. కాకపోతే వందల ఏళ్ల వాడకంలో ఆ నమ్మకం అప్పు తిరిగి వస్తుందనే ఒక్క నమ్మకానికి కుదించుకుపోయింది. మనిషి మీద మొత్తంగా ఉండే నమ్మకం వేరు, ఇది వేరు.

వర్దీ అంటే తగిన, అర్హత ఉన్న. ట్రస్ట్‌వర్దీ నమ్మకానికి తగినవాడు. ప్రెయిజ్‌వర్దీ మెచ్చుకోవడానికి తగినది. రోడ్‌వర్దీ రోడ్డెక్కడానికి తగిన బండి. ఆ వరసలో క్రెడిట్‌వర్దీ అంటే అప్పు ఇవ్వడానికి తగినవాడు, అంతే. తెలుగులో రుణార్హత ఉన్నవాడు అనొచ్చు. ఇంకా మంచి మాట పరపతి. మన పల్లెల్లో సొసైటీ అని పిలిచేదాన్ని చాలాకాలం బోర్డు మీద ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం అనే రాశారు. పరపతి అంటే అప్పు పుట్టించుకోగల శక్తి, ఊళ్లో పలుకుబడి, రెండూను. ఇంగ్లీషు మాట రెండోదాన్ని వదిలేసి మొదటిదాన్ని మాత్రమే పట్టుకుంది. అనువాదం చేసేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోండి. ఉత్తరాల్లో నేనైతే రుణార్హత అనే వాడతాను, అపార్థానికి చోటుండదు.

ఎవరి గురించి వాడాలి, ఎలా వాడాలి

అప్పు తీసుకునేవాళ్ల గురించి వాడాలి. మనిషి, కంపెనీ, సంఘం, చివరికి దేశం కూడా క్రెడిట్‌వర్దీ కావచ్చు. 2025 ఆగస్టులో ఎస్ అండ్ పీ సంస్థ మన దేశం రేటింగును ట్రిపుల్ బీ మైనస్ నుంచి ట్రిపుల్ బీకి పెంచింది. పత్రికల్లో పరపతి రేటింగ్ అని వచ్చేది ఇదే, దేశం క్రెడిట్‌వర్దీనెస్ మీద వేసిన మార్కు. అప్పును మాత్రం క్రెడిట్‌వర్దీ అనకూడదు. "క్రెడిట్‌వర్దీ లోన్" అని ఒక కుర్రాడు దరఖాస్తులో రాస్తే నేను కొట్టేశాను. "ఐ యామ్ ఎ క్రెడిట్‌వర్దీ బారోవర్" అని రాయొచ్చు. తన గురించి తానే అలా రాసుకుంటే అంత అందంగా ఉండదు, పక్కన రుజువు పెడితే బాగుంటుంది.

మా పనిలో ఇలా వాడతాం. కొత్త పార్టీ పది పెట్టెల గుండు పప్పు కావాలని, నెల రోజుల గడువు మీద పంపమని అడుగుతుంది. మేం ఆ ఊళ్లో తెలిసిన ఇంకో పార్టీకి ఉత్తరం రాస్తాం: "కైండ్లీ లెట్ అస్ నో వెదర్ దే ఆర్ క్రెడిట్‌వర్దీ అప్ టు టూ లాక్స్." ఎంతవరకు అన్నది కూడా అడగడం ముఖ్యం. లక్షకు తగినవాడు పది లక్షలకు తగకపోవచ్చు. జవాబు ఫోన్‌లో తెలుగులోనే వస్తుంది: "పార్టీ మంచిదే, రొటేషన్ బాగుంది, కాకపోతే పండగల ముందు కాస్త లాగుతాడు." నా లెక్కలో క్రెడిట్‌వర్దీనెస్‌కి ఇంతకన్నా మంచి నిర్వచనం ఏ డిక్షనరీలోనూ లేదు. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న ఊసే అందులో లేదు. డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందన్నదే ఉంది.

ఇంకో సంగతి. ఇది మనిషికి పుట్టుకతో అంటుకున్న గుణం కాదు, ఆ రోజుకి ఉన్న పరిస్థితి. అందుకే ఇంగ్లీషులో "స్టిల్ క్రెడిట్‌వర్దీ", "నో లాంగర్ క్రెడిట్‌వర్దీ" అని కాలాన్ని చేర్చి వాడతారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా పక్క తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అంతకు ముందు వారం దాకా గడువుకు రెండు రోజుల ముందే డబ్బు పంపే రైతులు, చిన్న వ్యాపారులు ఒక్క రాత్రితో బాకీదార్లయ్యారు. వాళ్ల గుణం ఏం మారింది? చెట్టు పోయింది, మళ్లీ నాటి పిక్క చేతికి రావాలంటే ఏళ్లు. అలాంటప్పుడు "నాట్ క్రెడిట్‌వర్దీ ఎట్ ప్రెజెంట్" అని రాయడం న్యాయం. ఆ "ఎట్ ప్రెజెంట్" రాయకుండా వదిలేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మీరు ఎవరి గురించైనా రాయాల్సి వస్తే దాన్ని వదలకండి.

దీని చుట్టుపక్కల మాటలు కూడా కొన్ని తేల్చుకోవాలి. క్రెడిబుల్ అంటే చెప్పిన మాట నమ్మేలా ఉంది అని, సాక్షి గురించో వార్త గురించో వాడతారు. క్రెడిటబుల్ అంటే మెచ్చుకోదగ్గ పని. ఈ రెంటికీ అప్పుతో సంబంధం లేదు. సాల్వెంట్ అనేది మాత్రం దగ్గరి చుట్టం. ఉన్న ఆస్తితో ఉన్న అప్పులన్నీ తీర్చగలవాడు సాల్వెంట్. కాంట్రాక్టు పనులకు టెండరు వేసేవాళ్లు తహసీల్దారు ఆఫీసులో తెచ్చుకునే సాల్వెన్సీ సర్టిఫికెట్ ఇందుకే. దానికి ఎదురు మాట ఇన్‌సాల్వెంట్. "ఫలానా వాళ్లు ఐపీ పెట్టేశారు" అని మనం అంటామే, ఆ ఐపీ ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. ఇంగ్లీషు రాని మా అమ్మమ్మ కూడా ఆ మాట వాడేది! సాల్వెంట్ అయిన ప్రతివాడూ క్రెడిట్‌వర్దీ కాడు. పదెకరాలుండీ వాయిదాలు ఎగ్గొట్టేవాళ్లు లేరా? ట్రస్ట్‌వర్దీ అయిన ప్రతివాడూ కూడా క్రెడిట్‌వర్దీ కాడు. మా పెదనాన్న సంగతి అదే.

చింపేసిన నోట్లు

ఆ రోజు నేను అడిగాను, "పెదనాన్నా, ఇప్పటిదాకా ఎన్ని అప్పులు తీర్చి ఉంటావు?" ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పెద్దక్క పెళ్లికి, బోరుకి, ఇంటి స్లాబుకి, తిత్లీ తర్వాత మొక్కలకి. అన్నీ ఊళ్లోనే, ప్రోనోటు మీదే. "ఆ నోట్లేవీ?" అన్నాను.

"తీర్చీసినాక ఇంకేటుంటాది? సింపీసినాం కదా" అన్నారు.

అక్కడ నాకు విషయం వెలిగింది. మన ఊళ్లలో అప్పు ఎలా నడుస్తుందో చూడండి. నోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెడతాం. మధ్యలో కొంత కడితే నోటు వెనక తేదీ వేసి చెల్లు రాస్తాం. నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అంటే దాని మీద కోర్టుకెళ్లినా చెల్లదు. ఆలోపు సంతకంతో చెల్లు పడితే మళ్లీ అక్కడి నుంచి మూడేళ్లు. ఆ నోటు వెనక వైపు చూస్తే మనిషి చరిత్రంతా కనిపిస్తుంది: సంక్రాంతికి ఐదు వేలు, పిక్కలమ్మాక పదిహేను వేలు, మళ్లీ ఆడపిల్ల పురుడికి ఒక ఏడాది ఖాళీ, తర్వాత వడ్డీతో సహా ముగింపు. చివరి రూపాయి కట్టిన రోజు అప్పిచ్చినవాడు నోటు తెచ్చి మన ఎదుటే చింపేస్తాడు. అది గౌరవం. అప్పు తీరిందనడానికి అదే గుర్తు. కానీ ఆ ముక్కలతో పాటు, ఈయన చెప్పిన మాట మీద నిలబడ్డాడనే సాక్ష్యం కూడా చెత్తలో కలుస్తుంది.

బ్యాంకు పద్ధతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. తీరిన అప్పే అక్కడ ఆస్తి. తీరిన కాగితమే పరపతి. జీవితమంతా తీరుస్తూ వచ్చి అన్నీ చింపేసుకున్న మనిషి గురించి బ్యాంకు కంప్యూటర్‌కి తెలిసింది ఏమీ లేదు. "నాట్ ఫౌండ్ క్రెడిట్‌వర్దీ" అన్న దాంట్లో ఫౌండ్ అనే మాటను పట్టి చదవండి. తగినవాడని మాకు కనబడలేదు అని దాని అర్థం. తగనివాడని తేలింది అని కాదు.

బీకాంలో మా లెక్చరర్ ఒకసారి చెప్పారు. 1912లో అమెరికా చట్టసభ కమిటీ ముందు పెద్ద బ్యాంకరు జె.పి. మోర్గాన్‌ని అడిగారట, అప్పు ఇచ్చేది డబ్బో ఆస్తో చూసే కదా అని. కాదు, మొదట చూసేది గుణం, డబ్బు కన్నా దేని కన్నా ముందు అదే అన్నాడాయన. మన షావుకార్లదీ అదే పద్ధతి. ఇవాళ బ్యాంకులో మనిషి ముఖం చూసి గుణం తెలుసుకునే తీరిక ఎవరికీ లేదు. దాని బదులు రిపోర్టు చూస్తారు.

ఆ రిపోర్టులో మాటలు

మన దేశంలో ఈ రిపోర్టులు ఇచ్చే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. మొదటిది 2000లో పుట్టింది కాబట్టి అందరూ సిబిల్ స్కోరనే అంటారు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఒక్కొక్క సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టించుకుని తీసిపెడతామనే వాళ్ల దగ్గరకు పోవద్దు. సంస్థ వెబ్‌సైట్‌లో పాన్ నంబరు, ఫోన్ నంబరు ఇస్తే మీరే తీసుకోవచ్చు. పెదనాన్నది మా ఇంట్లోనే తీశాం. స్కోరు ఉండాల్సిన చోట మైనస్ ఒకటి అని ఉంది. చరిత్ర లేదని దానర్థం. తక్కువ మార్కు వచ్చిందని కాదు, పరీక్షే రాయలేదని.

రిపోర్టులో ప్రతి అప్పు కింద నెలల వారీగా గడులుంటాయి. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల సమయానికి కట్టారని. సున్నా అంటే మనకు చిన్నప్పటి నుంచి భయం. ఇక్కడ మాత్రం వరసగా సున్నాలే ఉండాలి. 30, 60 లాంటి అంకె ఉంటే అన్ని రోజులు ఆలస్యమైందని. 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీల లెక్కలో వేస్తుంది.

జాగ్రత్తగా చూడాల్సిన మాట సెటిల్డ్. మన వాడుకలో "సెటిల్ చేసుకున్నాం" అంటే గొడవ తీరింది, మంచిదే. రిపోర్టులో సెటిల్డ్ అంటే ఇవ్వాల్సిన దానికన్నా తక్కువ ఇచ్చి వదిలించుకున్నారని. అది మచ్చ. పూర్తిగా కట్టినవాళ్లకు క్లోజ్డ్ అని ఉండాలి. అప్పు తీర్చే రోజు బ్యాంకులో ఈ ఒక్క మాట గట్టిగా అడగండి: "క్లోజ్డ్ అని పంపిస్తారా, సెటిల్డ్ అనా?"

షూరిటీ సంతకాలూ ఇందులోకే వస్తాయి. మా ఆయన తన స్నేహితుడి వ్యాను అప్పుకు జామీను పెట్టారు. మాట కాదనలేక పెట్టిన సంతకం. ఆ స్నేహితుడు నాలుగు నెలలు కట్టలేదు, మాకు చెప్పనూ లేదు. మేం ఇంటి లోను కోసం వెళ్తే ఆఫీసరు స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. మా ఆయన పేరు కింద ఆ నాలుగు నెలలు వరసగా ఉన్నాయి. చట్టం ప్రకారం కూడా అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఆ మాట చెబుతోంది. మనం అప్పు తీసుకోకపోయినా మన క్రెడిట్‌వర్దీనెస్ ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోతుంది. సంతకం పెట్టొద్దని నేను అనను. చుట్టాలు, స్నేహితులు లేకుండా బతకలేం. పెట్టాక మూడు నెలలకోసారి, నాలుగు సంస్థల్లో ఒక్కోసారి ఒక్కోదాని దగ్గర, రిపోర్టు చూసుకోండి.

ఉత్తరం వస్తే ఏం చేయాలి

తిరస్కరించిన కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. "క్రెడిట్‌వర్దీ కాదు" అనేది కారణం కాదు, అది ముగింపు. ఎందుకు కాదో అడగండి. చరిత్ర లేకనా, ఆలస్యాల వల్లా, ఆదాయం చాలకనా? ఒక్కోదానికి ఒక్కో మందు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసేయకూడదని కూడా రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. కాబట్టి మర్యాదగా, కాగితం మీద అడగండి. ఉత్తరంలో ఒక్క వాక్యం చాలు. "కైండ్లీ ఇన్‌ఫార్మ్ మీ ద రీజన్స్ ఫర్ వాట్ ఐ వాజ్ నాట్ ఫౌండ్ క్రెడిట్‌వర్దీ" అని మా తమ్ముడు రాస్తే నేను దిద్దాను. "ద రీజన్స్ వై ఐ వాజ్ నాట్ ఫౌండ్ క్రెడిట్‌వర్దీ" అనాలి.

రిపోర్టులో తప్పుంటే ఆ సంస్థకే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాలి. ముప్పై రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని నియమం.

పెదనాన్నకు తప్పేమీ లేదు, ఖాళీ ఉంది. ఖాళీని నింపాలి. పెద్దమ్మ గాజుల మీద బ్యాంకులోనే చిన్న గోల్డ్ లోను తీశాం. ఊళ్లో చేబదులు దొరుకుతుండగా బ్యాంకుకు వడ్డీ ఎందుకని పెద్దమ్మ నస పెట్టింది. ఆవిడ బాధ నాకూ అర్థమైంది. అయినా తీసుకున్నాం. పెదనాన్న గడువుకు వారం ముందే కట్టేసేవారు, పాత అలవాటు. ఏడాదిన్నర గడిచాక మళ్లీ దరఖాస్తు పెట్టాం. అడిగింది మూడు లక్షలు, ఇచ్చింది లక్షా అరవై వేలు. మిగతాది ఊళ్లో నోటు మీదే తెచ్చారు. ఆటో తిరుగుతోంది.

గోల్డ్ లోను తీరిన రోజు ఆయన మళ్లీ మా ఇంటికొచ్చారు. ఈసారి కాఫీ తాగారు. బ్యాంకు వాళ్లిచ్చిన నో డ్యూస్ కాగితాన్ని జేబులోంచి తీసి, రెండు చేతులతో అంచులు పట్టుకుని నా వైపు చూశారు.

"అయితే దీన్ని సింపకూడదేటి అమ్మీ?"

"వద్దు పెదనాన్నా, దాచుకో" అన్నాను. పట్టాదారు పాస్‌పుస్తకం తెరిచి, మధ్య పేజీలో మడత పడకుండా పెట్టుకున్నారు.